క్రొత్త తలవ్రాత

బ్రహ్మ వ్రాసిన వ్రాతను తుడుచుట యెవ్వరి తరమని మన పెద్దలనుచుండిరి. పుర్రెయెముకల యతుకులలో నా వ్రాతను జూపినవారును గలరు. చదువుకొన్నవారు దానిని విని నవ్వుదురు. అట్లు నవ్విన నోటనే 'ఈ పిల్లకు లెక్కల బుర్ర లేదు, బడి మాన్పింపుడు' అను మాటయు వెలువడుచుండుట మాకు వింతగా దోచుచున్నది. పుర్రె మీది వ్రాత లోపలికి బోయినది, అంతియే.

లోపల నేమున్నది? మెదడు పైపొర మిక్కిలి విశాలమైనది. ఇరుకైన పుర్రెలో నిముడుటకై మడతలు పడి, మూడింట రెండు వంతులు నాగటిచాళ్లవంటి పల్లములలో దాగియుండును. నడినెత్తినుండి ప్రక్కలకు దిగునది నడిమి చాలు. దాని ముందరి గట్టు అవయవములను గదలించును. వెనుకటి గట్టు స్పర్శను గ్రహించును. ఆ వెనుకటి గట్టుతో 'పెరైటల్' అనబడు భాగము మొదలగును. ఆ భాగమును మీదు క్రిందులుగా విడదీయు చాలు మరియొకటి కలదు. వస్తువునకై చేయి చాచుటలోను, ఎక్కువ తక్కువల నెన్నుటలోను దానికి బని యున్నది. ముఖ్యమైన చాళ్లు గర్భమునందే యేర్పడును. ఐనను ఒకే పిండమునుండి పుట్టిన కవలలకు సైతము ఇవి యొక్కతీరున నుండవు.

1855లో జర్మనీదేశపు గెట్టింగెన్ నగరమున గణితవేత్త గౌస్ మరణించెను. రుడాల్ఫ్ వాగ్నరు అను శాస్త్రజ్ఞుడు ఆయన మెదడును భద్రపరచి, తూచి, చిత్రములు వ్రాయించెను. తూనిక 1492 గ్రాములు; అబ్బురపడదగినంత యధికము కాదు. ఆ యేటనే మరణించిన ఫుక్స్ అను వైద్యాచార్యుని మెదడును నట్లే భద్రపరచిరి. శతాబ్దము గడచిన పిమ్మట, గౌస్ పేరున్న సీసాలోని మెదడును అయస్కాంతయంత్రముతో జిత్రించిరి. అందు నడిమి చాలు రెండుగా దెగియుండెను. నూటికొక్కరికైన నుండని విశేషమది! 2013లో రెనాటె ష్వైట్సర్ అను విదుషి వాగ్నరు చిత్రములతో బోల్చి చూడగా, ఆ తెగిన చాలు ఫుక్స్ గారిదని తేలినది. సీసాలు తారుమారైనవి. ఆమె పోల్చి చూడకున్నచో, గణితప్రతిభ యంతయు నా తెగిన చోటనే యున్నదని యెన్ని గ్రంథములు పుట్టియుండెడివో!

చాళ్లకును బుద్ధికిని సంబంధమే లేదని మేమనము. కుడివైపు పెరైటల్ భాగమునకు రక్తప్రసారము నిలిచి చెడినవారు కొందరు కంచములో నెడమ సగమును తినక విడిచిపెట్టుదురు. కన్ను బాగుగనే యుండును. చెడిన తావునుబట్టి యే పని చెడెనో చెప్పవచ్చును. చెడని మెదడులోని వంకరను జూచి మనుష్యుని యోగ్యతను నిర్ణయించుట వేరు. మన యిండ్లలో నా వంకరనైనను జూచువారు లేరు. రెండు గుణకారములు తప్పినంతనే పలకను లాగికొందురు.

జర్మనీ శాస్త్రజ్ఞులు 2004లో ప్రకటించిన పరిశోధన యొకటి కలదు. మునుపెన్నడు నేర్వనివారిచే మూడు బంతుల నెగురవేసి పట్టుకొనుట మూడు నెలలు సాధన చేయించిరి. మేము పైని జెప్పిన రెండవ చాలునందు, ఎడమప్రక్క వెనుకభాగమున, బూడిదరంగు పదార్థము కొంచెము పెరిగెను. సాధన మానిన మూడు నెలలకు మరల దగ్గెను.