చేతి పట్టీయు, చివరి కోరికయు

దువ్వాడ రైల్వే స్టేషనులో ఒక ప్రయాణికుడు స్పృహతప్పి పడెననుకొందము. అతనికి చక్కెర వ్యాధి యున్నదో, పెన్సిలిన్ పడదో చుట్టు మూగినవారెరుగరు. ముంజేతి పట్టీమీద ఆ సంగతి చెక్కియున్నయెడల 108 బండివారు తెలిసికొని తగిన చికిత్స చేయుదురు. కాలిన్స్ అను అమెరికా వైద్యుడు, తన కుమార్తెకు మందు పడక ప్రాణాపాయము కలిగినందున, 1956లో ఇట్టి పట్టీలను వ్యాప్తిలోనికి తెచ్చెను.

ఆ పట్టీ బ్రదికించుడని అడుగును. మరియొక కాగితము కలదు. గుండె ఆగినప్పుడు రొమ్ము నొక్కి దానిని మరల కొట్టించు ప్రయత్నము చేయవద్దని అది చెప్పును. ఇది ఆత్మహత్యయే కదా యని మన పల్లెలలో అనేకులు అడుగుదురు. మేమట్లు తలంచము. నయముకాని రోగముతో కృశించిన వృద్ధుని రొమ్ము నొక్కినయెడల ఎముకలు విరుగవచ్చును గాని రోగము పోదు. నొప్పికి మందు, నోటికి నీరు, ప్రక్కన మనిషి, ఇవి మానుడని ఆ కాగితము చెప్పదు. ఖర్చుకు జడిసి పిల్లలు పెద్దలచేత బలవంతముగా వ్రాయించుదురా, అది వేరు, అది పాపమే.

మన దేశములో ఆ మాట పట్టీమీద చెక్కించుకొనిన చాలదు. ముందుగా వ్రాసియుంచు వైద్య కోరికపత్రమును సుప్రీంకోర్టు 2018లో అంగీకరించి, 2023లో పద్ధతి సులభము చేసెను. ఇద్దరు సాక్షుల యెదుట సంతకము, నోటరీ లేక గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ కావలెను.

ఇంటిలోని పని అంతకంటె కష్టము. యాకోబు కుమారులనందరిని పిలిచి, తన్ను ఎక్కడ పాతిపెట్టవలెనో కూడ తానే చెప్పెను (ఆది. 49). మన యిండ్లలో పెద్దవారు ఆ మాట ఎత్తగానే అపశకునమని నోరు మూయించుదుము.