అశక్తదేహమును కృతజ్ఞతయును

మనలో నొకడు కాలు విరిగి మంచమున పడియుండగా చూడవచ్చిన బంధుమిత్రులు తఱచుగా రెండు మాటలు చెప్పుదురు. "ఇంతటితో పోయినది, సంతోషింపుము" అనునది మొదటి మాట. "రెండు కాళ్లును లేనివారిని తలచుకొనుము" అనునది రెండవది. చెప్పువారి మనస్సు మంచిదే. కాని యీ రెండవ మాటను నేను చాలకాలమునుండి అనుమానముతోనే వినుచున్నాను. పరుని దుఃఖమును మెట్టుగా చేసికొని, దానిపై నిలిచి నా సుఖమును కొలుచుకొనుట కృతజ్ఞత యెట్లగును? రెండు కాళ్లును లేనివాడు మఱి యెవరిని తలచుకొనవలెను? కన్నులు కూడ లేనివానినా? ఇట్లు దిగుచు పోగా చిట్టచివర నొకడు మిగులును. వానికి తలచుకొనుటకు ఎవరును లేరు. అందఱికంటె నెక్కువగా బాధపడు ఆ యొక్కనికి పనికిరాని ధర్మము ఇతరులకు మాత్రము ఎందుకు పనికివచ్చునో నాకు తెలియదు.

ఈ విషయము నేను పుస్తకములలో చదివి వ్రాయుట లేదు. పదునాలుగేండ్లనుండి నా మోకాళ్లు నా స్వాధీనములో లేవు. క్రింద కూర్చుండలేను, కూర్చుంటినా, ఒకరు పట్టుకొనక లేవలేను. ప్రాణములు తీయు రోగము కాదు గనుక దీనికై యెవరును జాలిపడరు, పడవలసిన పనియు లేదు. అయినను ప్రతిదినము ప్రొద్దున పాదము నేల మోపుటకు ముందే ఆరంభమగు చిన్న బాధకు మనుష్యుని గుణమును చెఱచు శక్తి గలదు. మొదటి రెండు మూడు సంవత్సరములు నేను మిక్కిలి చెడ్డవాడనై యుంటిని. పీటపై కూర్చుండి భుజింపలేని నాకై నా కుమారుడు భోజనపు బల్ల కొని తేగా, దానిని చూచి వానిమీదనే కోపపడితిని. ఆ బల్ల నా యశక్తతకు సాక్ష్యముగా ఇంటి నడుమ నిలిచినట్లు నాకు తోచెను.

ఆ దినములలోనే స్నానపుగదిలో గోడకు ఇనుపకడ్డీ బిగించుటకు ఒక తాపీమేస్త్రి వచ్చెను. అతడు నన్ను రెండుమారులు కూర్చుండి లేవుమనెను. నా చేయి ఏ యెత్తున గోడను వెదకుచున్నదో చూచి, చెవిమీది పెన్సిలు తీసి అచ్చట గీత గీసెను. నాకు అదియు అవమానముగనే యుండెను. కూలి యిచ్చి పంపివేసితిని. తరువాత నొక బంధువుల యింట నాలుగు దినములు ఉండవలసివచ్చెను. అక్కడను కడ్డీ గలదు. కాని అది చూపునకు చక్కగా నుండు ఎత్తున బిగింపబడినది, చేతికి అందు ఎత్తున కాదు. ఆ నాలుగు దినములలో నాకు ఆ మేస్త్రి చేసిన పని యేమో తెలిసివచ్చెను.

'తెలిసివచ్చెను' అను మాటను నేను కావలెననియే వాడుచున్నాను. కృతజ్ఞుడనగా చేయబడినదానిని ఎఱిగినవాడు. ఆ పదమునందు సంతోషమను అర్థము గాని, నవ్వుముఖమను అర్థము గాని యెక్కడను లేదు. దాని వ్యతిరేకమైన కృతఘ్నపదమునకు, చేయబడినదానిని చంపువాడని యర్థము. మన పూర్వులు కృతజ్ఞతను జ్ఞానముగా చెప్పిరేగాని ఉల్లాసముగా చెప్పలేదు. ఇది గ్రహించినచో బాధపడువానికి ఎంతయో భారము తగ్గును. నొప్పిలో నుండి సంతోషింపుమనుట క్రూరమైన యాజ్ఞ. నొప్పిలో నుండియు, నీకు ఎవరేమి చేసిరో ఎఱుగుమనుట చేయదగిన పని. అంతియే కాదు, ఆరోగ్యవంతునికంటె అశక్తునికే ఈ యెఱుక సులభము. పరుగెత్తువానికి దారి వేసినవాడు జ్ఞాపకమునకు రాడు.

కందుకూరి వీరేశలింగముగారు చిన్ననాటినుండి దగ్గుచేతను ఉబ్బసముచేతను పీడింపబడినవారు. అట్టి దేహముతో అన్ని గ్రంథములు ఎట్లు వ్రాసిరాయని మనము ఆశ్చర్యపడుదుము. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున ఆయన మొదటి వితంతువివాహము జరిపించినపుడు, వెలికి వెఱచి వంటవారును నీళ్లవారును రాక మానిరి. గోదావరినుండి నీరు మోసి తెచ్చి, వచ్చినవారికి వండి పెట్టినది ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు. ఆ బిందెలు ఏ గ్రంథమాలలోను చేరవు. ఆయన గ్రంథములను తలచునపుడు వానిని కూడ తలచుట న్యాయము.

ఇక్కడ నొక ఆక్షేపణ గలదు. ఉపకారమును ఎఱుగుమని బోధించుచు పోయినచో, బాధితుడు నోరు మూసికొని యన్నియు సహించునే యని కొందఱు శంకింతురు. ఈ శంక తేలికగా త్రోసివేయదగినది కాదు. లోకములో బలవంతులు బలహీనులనుండి కృతజ్ఞతను సుంకమువలె వసూలుచేయుట మనము ఎఱిగినదే.

క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోమునగరములో ఎపిక్టెటస్ అను బానిస యుండెను. ఆయన కుంటివాడు. యజమానుడు కాలు మెలిపెట్టి విఱిచెనని ఒక కథ గలదు. కీళ్లవ్యాధివలన కుంటియయ్యెనని పదియవ శతాబ్దపు గ్రీకుకోశ మొకటి చెప్పుచున్నది. దాస్యము వదలిన తరువాత ఆయన తత్త్వబోధకు డయ్యెను. డొమీషియను చక్రవర్తి తత్త్వవేత్తలను వెడలగొట్టగా గ్రీసుదేశపు పడమటి తీరమున నికోపొలిసు పట్టణమునకు పోయి అక్కడ పాఠములు చెప్పెను. స్వయముగా ఏమియు వ్రాయలేదు. శిష్యుడైన ఏరియను వ్రాసి యుంచినందుననే మనకు ఆయన మాట దక్కినది. ఆ సంభాషణముల మొదటి భాగమున, దున్నునపుడును త్రవ్వునపుడును తినునపుడును మనుష్యుడు ఈశ్వరుని స్తుతింపవలెననియు, కుంటి ముసలివాడనైన తాను చేయగల పని యదియే యనియు చెప్పును. దేనికై స్తుతించునో ఒక పట్టిక కూడ నిచ్చును: చేతులు, గొంతు, కడుపు, తెలియకుండ పెరుగుట, నిద్రించుచు ఊపిరి తీయుట. ఇవి యే మనుష్యుడును మనకు చేసిపెట్టినవి కావు. చదువరులు ఒక సంగతి గమనింపవలెను. ఆ పట్టికలో కుంటికాలు లేదు.

మఱియొకచోట ఆయన, ఒక్క కాలికొఱకు లోకమంతటిని నిందింతువాయని మందలించును. అక్కడ నేను ఆయనను పూర్తిగా అనుసరింపలేను. వ్యాధివలన పోయిన కాలైనచో లోకమును నిందించుట వ్యర్థమే. యజమానుడు మెలిపెట్టిన కాలైనచో నింద లోకమునకు కాదు, ఆ యజమానునికి చెల్లవలెను. చేయబడినదానిని ఎఱుగుట కృతజ్ఞత యైనపుడు, చేయబడిన కీడును ఎఱుగుట అదే జ్ఞానములో రెండవ సగము.

ఈ రెండు సగములను సరిగా నిలుపుకొన్నవారిలో హెలెన్ కెల్లరు ఒకరు. ఆమె 1880లో అమెరికాలోని అలబామా రాష్ట్రమున జనించి, పందొమ్మిది నెలల వయస్సున వ్యాధివలన చూపును వినికిడిని కోల్పోయెను. 1887వ సంవత్సరము మార్చి 3వ తేదీని ఏన్ సలివన్ అను ఉపాధ్యాయిని ఆ యింటికి వచ్చెను. ఆ యుపాధ్యాయినికిని కన్నులు బలహీనమైనవే. ఒక చేతిపై పంపునీరు పడుచుండగా రెండవ చేతిలో నీరు అను మాటను వ్రేళ్లతో వ్రాసి, వస్తువునకు పేరు గలదని బాలికకు తెలిపినది ఆమెయే. 1903లో అచ్చయిన తన జీవితకథలో కెల్లరు, గురువు వచ్చిన ఆ దినమే తన జీవితములో అన్నిటికంటె ముఖ్యమైనదని వ్రాసెను. ఇంతటి కృతజ్ఞురాలు 1907లో స్త్రీల పత్రిక యొకదానిలో, ఆ కాలపు పెద్దమనుష్యులు నోట ఉచ్చరింప సిగ్గుపడు విషయమును వ్రాసెను: తల్లికి సోకిన సుఖవ్యాధివలన శిశువులు పుట్టగనే గ్రుడ్డివారగుచున్నారనియు, అది నివారింపదగినదనియు. లైప్‌జిగు నగరపు వైద్యుడు క్రెడే, శిశువు కన్నులలో సిల్వర్ నైట్రేటు చుక్క వేసి ఆ యంధత్వమును ఆపవచ్చునని 1880వ ప్రాంతముననే చూపియుండెను. ఉపాయము తెలిసియు చేయకుండిన నిర్లక్ష్యముపై ఆమె మాటలాడెను. ఆమె యంధత్వము ఆ కారణమువలన వచ్చినది కాదు; తనకు సంబంధింపని కీడునుకూడ ఆమె ఎఱిగెను.

మన దేశములో 1995వ సంవత్సరపు చట్టము ఏడు విధముల వైకల్యములను గుర్తించెను. 2016వ సంవత్సరపు చట్టము వానిని ఇరువదియొకటిగా చేసెను. ప్రజలు వచ్చిపోవు భవనములన్నిటిలోను వికలాంగులు ప్రవేశింప వీలుండునట్లు చేయుటకు అయిదేండ్ల గడువును పెట్టెను. గడువు దాటినది, మెట్లు చాలచోట్ల అట్లే యున్నవి. చక్రముల కుర్చీలో వచ్చినవానిని ఇద్దఱు జవానులు ఎత్తి మీదికి చేర్తురు. వారికి అతడు కృతజ్ఞుడై యుండవలసినదే, వారి వీపులు నొచ్చినవి గనుక. కాని ఏటవాలు దారి వేయక మెట్లు మాత్రమే కట్టిన కార్యాలయము, అతనిని లోనికి రానిచ్చినందుకు నమస్కారమును కోరరాదు. ఉపకారమునకు కృతజ్ఞత, హక్కునకు అడుగుట; ఈ రెంటిని కలిపివేయుటవలన ఉపకారము చేసిన జవానును, బాకీపడిన యధికారియు ఒకే వరుసలో నిలుచుచున్నారు.

ఇంత తెలిసినను నా చిరాకు పూర్తిగా పోలేదు. మబ్బుపట్టిన దినములలో ఇంటివారు నా గది ముందు మెల్లగా నడుతురు. వానినన్నిటిని కప్పిపుచ్చి నేను ధన్యుడనని వ్రాయుట అసత్యము. ఆ బల్లయొద్ద భుజించునపుడు మాత్రము, దానిని తెచ్చినవానిని ఎఱిగియే భుజించుచున్నాను.

కడచిన సంవత్సరము ఆ మేస్త్రి మా వీథిలో నొక గోడ కట్టుచు కనబడెను. పిలిచి, నీవు వేసిన కడ్డీ నాకు ఎంత యుపకరించినదో చెప్పితిని. అతనికి నేను జ్ఞాపకము లేను. కడ్డీయు జ్ఞాపకము లేదు. "అయ్యగారూ, అది వదులైనదా యేమి?" అని యడిగి, నా జవాబునకు ఆగక లోనికి వచ్చి, రెండు చేతులతో దానిని ఊపి చూచెను. గోడ గట్టిగనే యున్నదనియు, ఒక మర త్రుప్పుపట్టినదనియు చెప్పెను. మంగళవారము వచ్చి దానిని మార్చి పోయెను.