శుల్కముద్ర

కొండగట్టుమీద ఆంజనేయస్వామి సన్నిధిలో క్రొత్త వాహనమునకు పూజ చేయించుట కరీంనగర ప్రాంతమున గృహప్రవేశమంత రూఢమైన ఆచారము. చక్రముల క్రింద నిమ్మకాయలు నలిగి, బానెట్టుపై పసుపుతో స్వస్తికము వెలసి, అర్చకుడు ముందరి అద్దమునకు వెలుపలినుండి కుంకుమబొట్టు పెట్టువేళ, ఆ అద్దమునకే లోపలివైపున, నడిమి పైభాగమున, షోరూమువారు అంటించి పంపిన ఫాస్టాగ్ స్టిక్కరు కనిపించును. ఒకే గాజుపలకకు ఒకప్రక్క దైవమునకు చేసిన విన్నపము, వేరొకప్రక్క మార్గమునకు చేసిన వాగ్దానము. మొదటిది ధర్మసంబంధియనియు, రెండవది ధనసంబంధి మాత్రమేయనియు మనవారు తలచుచున్నారు. నేనట్లు తలపను. దారికి సుంకమిచ్చుటయందు సత్యము, అస్తేయము, దయ అను మూడును ఇమిడియున్నవనియు, ఆ సుంకము మన చేతులనుండి జారి యంత్రమునకు సంక్రమించిన ఈ కాలమున వానిని గూర్చి మునుపటికంటె శ్రద్ధగా విచారింపవలసియున్నదనియు నా నమ్మకము.

మునుపు టోల్‌గేటు వద్ద బండి ఆపి, అద్దము దింపి, నోట్లు లెక్కించి, చిల్లరకై వాదులాడి, రసీదు పుచ్చుకొని కదలువాడు తానిచ్చుచున్నానను ఎరుకతో ఇచ్చెడివాడు. నేడో, స్టిక్కరులోని సూక్ష్మయంత్రమునకు బ్యాటరీ యనునది లేకున్నను, పైనున్న యాంటెన్నా ప్రసరించు రేడియోతరంగము తనపై పడినంతనే ఆ శక్తితోనే మేల్కొని తన సంఖ్యను చెప్పును, ఆ సంఖ్య నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ ద్వారమున టోల్‌గేటువారి బ్యాంకునుండి ట్యాగిచ్చిన బ్యాంకునకు చేరును, గేటు లేచును, సొమ్ము తగ్గిన సమాచారము ఫోనునకు వచ్చుసరికి యజమాని వెనుక సీటులో నిద్రలో నుండవచ్చును. దేశకాలములు, గోత్రనామములు ఉచ్చరించి సంకల్పము చేయనిదే దానము దానము కాదని యెంచు సంప్రదాయమున పుట్టిన మనకు, నిద్రించువాని జేబునుండి వెడలిన ఈ ద్రవ్యము ధర్మాచరణమగునా, లేక జరిగిపోయిన వ్యయము మాత్రమా యను సంశయము కలుగుట సహజము.

సంకల్పము లోపించలేదనియు, అది స్థలము మారినదనియు నేను సమాధానము చెప్పుదును. బ్యాంకునందో, పెట్రోలు బంకు వద్దనో, టోల్‌గేటు ప్రక్కనున్న కౌంటరు వద్దనో ఆర్.సి.యును, గుర్తింపుపత్రమును చూపి, ఈ వాహనము నాది, ఇది నడచిన దారికి నేను బాధ్యుడను అని ఒప్పుకొని ట్యాగు తీసికొన్న దినమే సంకల్పదినము. కొండగట్టున హనుమద్దీక్ష గైకొని మాల వేసికొన్నవాడు నలువదియొక్క దినములును క్షణక్షణమును వ్రతవాక్యము జపింపకున్నను, నిద్రించుచున్నను, దీక్షితుడే యగునట్లు, ఒకనాడు నిజముగా కట్టుబడినవాని తరువాతి చెల్లింపులన్నియు ఆ కట్టుబాటులోనివే. కావున పరీక్షింపవలసినది గేటు దాటిన క్షణమును గాదు. ఆ మొదటి మాట నిజమైనదా యనునదియే.

ఈ విషయమున కౌటిల్యుని అర్థశాస్త్రము ఆశ్చర్యకరముగా మనకు సమీపమున నున్నది. శతాబ్దములు మరుగుపడియుండి, మైసూరున 1905లో శామశాస్త్రిగారి కంటబడి, 1909లో అచ్చైన ఆ గ్రంథమున శుల్కాధ్యక్షుని ప్రకరణము కలదు. నగరద్వారమునొద్ద నలుగురైదుగురు ఉద్యోగులు కూర్చుండి, వర్తకులెవరు, ఎక్కడినుండి వచ్చిరి, సరకెంత, ముద్ర ఎక్కడ వేయబడినది యని వ్రాసికొనవలెను. ముద్ర లేని సరకునకు రెండింతల శుల్కము. కూటముద్రకు, అనగా దొంగముద్రకు, ఎనిమిదింతలు. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రినుండి మన జాతీయరహదారులపై ట్యాగు లేని వాహనమునకు విధింపబడినదియు ఆ రెండింతలే. ముద్ర లేనివాని మాటను ద్వారమునొద్దనే తేల్చవలసివచ్చుటచేతను, అంతవరకు వెనుకనున్నవారందరు నిలువవలసివచ్చుటచేతను ఆ అదనపు భారము కొంత న్యాయమే. కూటముద్ర సంగతి వేరు. కారునకు తీసికొన్న ట్యాగును లారీకి చూపువాడును, అద్దమునకు అంటింపక చేతబట్టుకొని అవసరమైన బండికెల్ల చూపువాడును సొమ్ము చెల్లించుచునే అబద్ధమాడుచున్నారు. అట్టి అంటింపని ట్యాగులను బ్లాక్‌లిస్టులో చేర్చవలెనని జాతీయ రహదారుల ప్రాధికారసంస్థ 2025 జూలైలో నిర్ణయించినప్పుడు కొందరు కినిసిరి గాని, కౌటిల్యుడు ఇంకను కఠినుడని వారెరుగరు.

మన ఉత్తర తెలంగాణమున 44వ జాతీయరహదారి, పూర్వపు 7వది, గోదావరి దాటి నిర్మల్ మీదుగా ఆదిలాబాదు చేరి పెన్‌గంగవద్ద మహారాష్ట్రమున ప్రవేశించును. గంజాల్, రోల్‌మామడ, పిప్పల్‌వాడ దానిమీది శుల్కద్వారములు. వంతెనలు లేని కాలమున ఈ రెండు నదులను దాటవలెనన్న పడవయే శరణ్యము. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున రేవుసుంకమునకు పట్టికయే కలదు: వట్టిబండికి ఒక పణము, సరకుబండికి విలువనుబట్టి, బరువు మోయువానికి అర్ధపణము, గర్భిణులకును, సన్న్యాసులకును సుంకము లేదు. నేటి జాతీయరహదారుల రుసుమును నిర్ణయించు 2008 నియమావళియు వాహనములను తరగతులుగా విభజించి, ద్విచక్రవాహనములను, ట్రాక్టర్లను, ఎడ్లబండ్లను సుంకమునుండి విడిచినది. అంబులెన్సును, శవవాహనమును విడిచినది. ఆదిలాబాదు మార్కెట్టుయార్డునకు పత్తి తెచ్చు ట్రాక్టరును, పుష్యమాసమున కేస్లాపూరు నాగోబాను సేవింప పోవు ఎడ్లబండియు ఇందుచేతనే రుసుమెరుగవు. ఆ జాతరకై హస్తినమడుగునకు కాలినడకన పోయి గోదావరీజలము తెచ్చు గోండులలోని మెస్రం వంశీయులకు దారియే తీర్థము. వారినుండి ఏ రాజును సుంకము కోరజాలడు.

మనువు అక్కడ ఆగలేదు. పడవవారి దోషముచేత ప్రయాణికుని సరకు చెడినచో పడవవారందరు కలిసి దానిని ఇచ్చుకొనవలెనని విధించెను. తీసికొనువానికిని ధర్మము కలదన్నమాట. ఈ భావమే వేరొక రూపమున నేటి చట్టమున నున్నది: ట్యాగు సక్రమముగా నుండి, ఖాతాలో సరిపడు సొమ్ముండి, గేటులోని యంత్రమే చెడి స్కాన్ కానియెడల, ఆ వాహనమును రుసుము లేకయే పోనిచ్చి శూన్యమొత్తపు రసీదు ఇయ్యవలెనని 2018 నాటి నిబంధన. మన డ్రైవర్లు ఎందరో ఇది తెలియక, వెనుకబండ్ల హారనులకు తాళలేక, నగదు తీసి ఇచ్చుచున్నారు. 2025 ఆగస్టులో కేరళ ఉన్నతన్యాయస్థానము, త్రిశూరు సమీపమున దారి దుస్థితిలో నున్నదని పాలియెక్కర ద్వారమున వసూలు నిలిపివేయగా, సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వున జోక్యము చేసికొనలేదు. గోతులదారికి సుంకము అడుగరాదనుట దయ కాదు, ఒప్పందమునందలి రెండవ సగము.

ఇక నా మనసును కలచు విషయమొకటి మిగిలినది. 2025 నవంబరు 15నుండి ట్యాగు లేనివాడు యూపీఐ ద్వారా చెల్లించినచో ఒకటింపాతిక రెట్లు, నగదిచ్చినచో రెండింతలు. అంతకుముందు ఆగస్టు 15నుండి సొంతకారు గలవానికి మూడువేల రూపాయలకు రెండువందల ప్రయాణముల వార్షికపాసు వచ్చినది. అది జాతీయరహదారులకే గాని, రాష్ట్రరహదారియైన రాజీవ్ రహదారిపై రేణికుంట వద్ద చెల్లదు. ఇట్లు ఫోనున్నవానికి సౌలభ్యము పెరుగుచుండగా, కూరగాయలకై పాతజీపు కొని నడుపుకొను ఉట్నూరు రైతు, చేతిలో నిజమైన నోట్లు పట్టుకొని, ఇచ్చుటకు సిద్ధముగా నుండియు రెండింతలిచ్చుచున్నాడు. అతడు దొంగముద్ర వేసినవాడు కాడు, ముద్ర వేయించుకొను దారి తెలియనివాడు. కౌటిల్యుడు వివాహమునకు, ప్రసవమునకు, దేవపూజకు, వ్రతమునకు కొనిపోవు వస్తువులకు శుల్కము మాన్పగలిగినది, ఆ ద్వారమున అడుగువాడును వినువాడును మనుష్యుడగుటచేతనే.

మొదటిసారి నగదుతో వచ్చినవానికి రెండింతలు వడ్డింపక, ఒంటి రుసుము తీసికొని, అక్కడికక్కడే ట్యాగు అంటించి పంపుట న్యాయమని నా అభిప్రాయము. రోల్‌మామడవంటి చోట్ల రుసుముల పట్టిక ప్రక్కనే, ఆ 2018 నాటి నిబంధనను కూడ, తెలుగునను గోండీయందును, లారీమీద కూర్చున్నవానికి కనబడునంత పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను.