అపకారముల ఖాతా

ఆదోని ప్రత్తి మార్కెట్టులో తూకపు చీటి చేత పడనిదే రైతు కదలడు. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్పగారు నేతపనివారి సహకార సంఘమును స్థాపించినప్పుడు, నూలెంత, కూలియెంత యని వ్రాయకపోయిన యెడల బీద నేతగానికి న్యాయము జరిగియుండునా? లెక్క మంచిదే.

అయితే 1 కొరింథీ 13:5లో, ప్రేమ అపకారమును ఎంచదని చెప్పుటకు పౌలు వాడిన గ్రీకు మాట వర్తకుల లెక్కల మాటయే. ఇక్కడ మేము చాలా దినములు తడబడితిమి.

మా సంఘములో ఇద్దరు అన్నదమ్ములు కలరు. తమ్ముడు భార్యతో కూడ ఏటేట సుగ్గికి పోయి గుంటూరు సీమలో మిరపకాయలు కోయును. అన్న ఊరనుండి ముసలి తల్లిని, తమ్ముని బిడ్డలను చూచుకొనును. ఇల్లు గడచునది నా కూలితోనని ఒకడు, నీ బిడ్డల జ్వరమునకు మేలుకొన్నది నేనని ఒకడు. రెండు లెక్కలును నిజమే! అబద్ధమైన యెడల కొట్టివేయుట సులభము.

"మరచిపో నాయనా" అని తమ్మునితో అంటిమి. "ఏది మరచేది అయ్యగారూ? కీడూ మేలూ ఒక పద్దులోనే ఉండాయి" అనెను. మాకు నోట మాట రాలేదు.

ఆ రాత్రి మా ఖాతాయే విప్పి చూచుకొంటిమి. ఆరాధనకు రానివారి పేర్లు తేదీలతో సహా జ్ఞాపకమున్నవి. మాకు జొన్నలు తెచ్చి యిచ్చినవారి పేర్లు మాత్రము మా యింటివారిని అడుగవలసి వచ్చెను. కూలివానికి బిగబట్టిన కూలిని దేవుడు లెక్కలోనికి తెచ్చునని యాకోబు 5:4 చెప్పుచున్నది. మనమియ్యవలసినది వ్రాసికొనుట ప్రేమకు విరోధము కాదు. మేము వ్రాసికొన్నది మాకు రావలసినదే.

ఈ సంగతి తమ్మునికి దాచక చెప్పితిమి. ఈ యేడు సుగ్గికి బయలుదేరునప్పుడు అతడు తల్లి మందులకని అన్న చేతిలో డబ్బు పెట్టెను. అన్న లెక్కింపక పంచె కొంగున ముడి వేసికొనెను. మాటలు మాత్రము ఇంకను సరిగా లేవు.