సేవ, సేవలు

"పెద్దవాళ్లకి కూడా ఆటిజం ఉంటుందా?" అని ఆ మధ్య ఒక సదస్సులో టీ తాగుతూ తోటి అధ్యాపకురాలొకరు అడిగారు. స్త్రీల కథల మీద లోతుగా రాసే మనిషి ఆవిడ. ప్రశ్న నాకు వింతగా తోచలేదు. ఆటిజం అన్న మాట మన దగ్గరికి పసిపిల్లవాడి బొమ్మతోనే వచ్చింది. ఏప్రిల్ 2న అతికించే పోస్టర్ల మీద నాలుగైదేళ్ల పిల్లవాడుంటాడు, బొమ్మకారు చక్రం తిప్పుకుంటూ. వాడికి నలభై ఏళ్లొస్తే ఎక్కడుంటాడో పోస్టరు చెప్పదు. ఇక ఆడపిల్ల ఆ పోస్టరులోకి రావడమే అరుదు.

దీనికి చరిత్ర ఉంది. 1943లో అమెరికాలో లియో కానర్ ఆటిజాన్ని ఒక ప్రత్యేక స్థితిగా వర్ణించినప్పుడు ఆయన చూసిన 11 మంది పిల్లల్లో 8 మంది మగపిల్లలు. మరుసటేడు వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ వివరంగా రాసిన నలుగురూ మగపిల్లలే. వీళ్లిద్దరికంటే ముందే, 1925లో, మాస్కోలో గ్రున్యా సుఖరేవా అనే డాక్టరు ఇలాంటి పిల్లల గురించి రాసింది. 1927లో ఆడపిల్లల గురించి విడిగా మరో వ్యాసం రాసింది. ఆమె పేరు దశాబ్దాల పాటు ఎవరికీ పట్టలేదు. సాహిత్య చరిత్రలు చదివిన మనకు ఇది తెలిసిన కథే కాబట్టి సాగదీయను. తర్వాత నేరం తల్లుల మీదికి వచ్చింది. పిల్లల్ని ప్రేమగా దగ్గరికి తీసుకోని తల్లుల వల్లే వాళ్లిలా తయారవుతారని బ్రూనో బెటల్‌హైమ్ 1967లో ఏకంగా ఒక పుస్తకం రాశాడు. ఆటిజం ఒక గీత గీసి అటూ ఇటూ విడదీయగలిగేది కాదని, రకరకాల మోతాదుల్లో, రకరకాల మనుషుల్లో ఉంటుందని, 'స్పెక్ట్రమ్' అన్న ఆలోచనని నిలబెట్టిన వాళ్లలో ముఖ్యురాలు లోర్నా వింగ్. ఆవిడ మానసిక వైద్యురాలు, ఆటిజం ఉన్న కూతురికి తల్లి కూడా.

ఇదంతా నేను చదవడం మొదలుపెట్టింది మా అప్ప వల్ల. అప్ప అంటే మా పెద్దమ్మ కూతురు. రామతీర్థంలో, పుట్టింట్లోనే ఉంటుంది. నలభై ఆరేళ్లు. నెల్లిమర్ల మీదుగా విజయనగరం పోయే బస్సులు ఏ వేళకి ఏవి వస్తాయో, ఏ డ్రైవరు ఏ మలుపులో హారన్ కొడతాడో చెప్పగలదు. గిన్నెలు ఒకే వరసలో తోముతుంది. మధ్యలో ఎవరైనా ఒక గిన్నె తీస్తే మొదట్నుంచీ మళ్లీ తోముతుంది. కొత్త చీర కట్టదు. ఆ గరుకు ఆమె ఒంటికి పడదు. ఎవరో వాడి మెత్తబడ్డ నూలు చీరలే కావాలి. శ్రీరామనవమి కల్యాణానికి ఊరంతా మైకులు మోగుతుంటే పశువుల శాలలో గడ్డి వెనక చెవులు మూసుకుని కూర్చుంటుంది. "బాగున్నావా అప్పా" అంటే బాగున్నాననదు. "కిందటి మాఘంలో వచ్చినప్పుడు పచ్చ సంచీ తెచ్చావు. ఇప్పుడు తేలేదు" అంటుంది. నా మటుకు అంతకన్నా ఆప్యాయమైన పలకరింపు ఇంకెక్కడా దొరకలేదు.

పందొమ్మిదో ఏట పెళ్లి చేశారు. అంతకుముందు పట్నంలో ఒక ఆసుపత్రికి తీసుకెళితే, "ఏమీ లేదు, పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయి" అన్నాడట అక్కడి డాక్టరు. పదకొండు నెలలకి అత్తింటివాళ్లు తిరిగి పంపేశారు. చుట్టాలొస్తే మొహం చూడదు, మొగుడు ముట్టుకుంటే ఉలిక్కిపడుతుంది, పొగరుబోతు అన్నారు. ఆటిజం ఉన్న మగవాడికి కూడా ఇలాగే పెళ్లి చేస్తారు. కాకపోతే అతణ్ని ఎవరూ తిప్పి పంపరు, అతణ్ని సర్దుకోవడానికి ఒక భార్య వస్తుంది.

నేను డాక్టర్ని కాను. సాహిత్యంలో డాక్టరేటు ఉన్నవాళ్లం కథల్లో పాత్రలకి రోగాలు అంటగట్టడమే ఎక్కువ, మనుషుల జోలికి పోకూడదు. అయినా అనుమానం ఉంది, గట్టిగానే ఉంది. నన్ను తొలిచేది మరో ప్రశ్న. ఈ మాటని ఆమె దగ్గరికి తీసుకుపోయే హక్కు నాకుందా? ఆమె అడగలేదు. నలభై ఆరేళ్లు అది లేకుండానే బతికింది.

మాట లేకపోవడం కూడా ఒక అన్యాయమేనని మిరాండా ఫ్రికర్ అనే తాత్వికురాలు 2007లో రాసిన పుస్తకంలో వాదించింది. ఆవిడ చూపిన ఉదాహరణ మనకి బాగా తెలిసిందే. పనిచోట ఆడవాళ్లు పడే బాధకి 'లైంగిక వేధింపు' అనే పేరు రాకముందు, ఆ బాధ పడ్డ మనిషికి కూడా తనకేం జరుగుతోందో చెప్పుకునే దారి ఉండేది కాదు. పేరు వచ్చాకే ఫిర్యాదు వచ్చింది, 1997లో మనకి విశాఖ తీర్పు వచ్చింది. దీన్నిబట్టి అప్పకి పేరు ఇవ్వడమే న్యాయం అనిపిస్తుంది. కానీ ఇయాన్ హాకింగ్ మరో సంగతి చెప్పాడు. మనుషుల మీద వేసే పేర్లు రాళ్ల మీద వేసే పేర్లలాంటివి కావు. పేరు విన్న మనిషి మారుతుంది, చుట్టూ ఉన్నవాళ్లు ఆమెని చూసే తీరు మారుతుంది. నిన్నటిదాకా "దానికి పులుపు పడదు" అన్న వదిన రేపట్నుంచి "దానికి ఆటిజం కదా" అనవచ్చు. పులుపు సంగతి మరుగున పడిపోవచ్చు.

చాలాకాలం ఈ రెండు వాదాల మధ్య ఊగాను. నన్ను ఒక ఒడ్డున పడేసింది ఒక చిన్న విషయం: అప్ప ఎప్పుడూ పేరు లేకుండా లేదు. పొగరుబోతు, మొండిఘటం, వెర్రిబాగులది, గాలి సోకింది, మొగుడొదిలేసింది. ఇన్ని పేర్లు ఆమెని అడిగి పెట్టలేదు. ఒక్క ఆటిజం దగ్గరికి వచ్చేసరికే నాకు ఆమె అనుమతి గుర్తుకు రావడం ఏమిటి? పేరా, పేరులేనితనమా అన్నది కాదు ప్రశ్న. ఏ పేరు ఆమె మీద నేరం మోపుతుంది, ఏది మోపదు అన్నది.

రామతీర్థంలో గురుభక్తులకొండ ఎక్కితే ఇటుక గోడల బౌద్ధ విహారాలు కనిపిస్తాయి. 1910-11లో అలెగ్జాండర్ రే వాటి మీద నివేదిక రాశాడు. వరసగా గదులు, ఒక్కో మనిషికి ఒక్కోటి. అక్కడ నిలబడినప్పుడల్లా నాకో ఆలోచన వస్తుంది. భిక్షువులకి ఆటిజం ఉందని అంటున్నానని ఎవరూ అనుకోకండి. అలాంటి వెనకచూపు వైద్యం నాకు చిరాకు. నేననేది, ఎవరితోనూ మాట్లాడకుండా, రోజూ ఒకే వరసలో ఒకే పని చేసుకుంటూ, పెళ్లి లేకుండా, చుట్టాల్ని పలకరించకుండా బతకదలచిన మగవాడికి ఈ సమాజం ఒకప్పుడు కొండ మీద గది కట్టి, అన్నం పెట్టి, దణ్ణం పెట్టింది. భిక్షుణులు ఉన్నారు కదా అంటారా? ఉన్నారు. వాళ్లు ఒంటరిగా అడవుల్లో ఉండకూడదని నియమం కూడా ఉంది. మౌనం మగవాడిలో నిష్ఠ, ఆడదానిలో పొగరు. హిందీలో ఆటిజాన్ని 'స్వలీనత' అంటున్నారు. ఆ మాట తెలుగులోకి తెచ్చుకుందామని ఒక మిత్రురాలు అంటే నాకు నవ్వొచ్చింది. తనలో తాను లీనం కావడానికి మా అప్పకి దొరికింది పశువులశాల.

ఇక పేరు అధికారికంగా దొరకడం ఎలా? 1995 నాటి వికలాంగుల చట్టంలోని 7 వైకల్యాల్లో ఆటిజం లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టంలోకి వచ్చింది. 2016 చట్టం 21 వైకల్యాల్ని గుర్తించి అందులో ఆటిజాన్ని చేర్చింది. కొలవడానికి 'ఇసా' అనే భారతీయ కొలమానం ఉంది. సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ తయారుచేసింది. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 70 కంటే తక్కువ వస్తే ఆటిజం లేనట్టు. కళ్లలోకి చూస్తుందా, పలకరిస్తే నవ్వుతుందా, ఒంటరిగా ఉంటుందా అని చూసి, తల్లిదండ్రుల్ని అడిగి మార్కులు వేస్తారు. పిల్లల విషయంలో ఇది కొంత నడుస్తుంది. నలభై ఆరేళ్ల స్త్రీ సంగతి వేరు. ఆమె నాలుగు దశాబ్దాల పాటు తిట్లు తిని, దెబ్బలు తిని నవ్వడం నేర్చుకుని ఉంటుంది. ఎవరొచ్చినా మంచినీళ్లివ్వడం నేర్చుకుని ఉంటుంది. అలా నేర్చుకున్నదంతా ఆ కాగితం మీద ఆమెకి వ్యతిరేకంగా లెక్కకొస్తుంది. ఎంత బాగా అణిగితే అంత ఆటిజం లేనట్టు. ఆ నవ్వుకి లోపల ఏమవుతోందో ఆమెని అడిగే గడి అందులో ఏది?

డామియన్ మిల్టన్ 2012లో ఒక మాట అన్నాడు. ఆయన సామాజిక శాస్త్రవేత్త, ఆటిజం ఉన్నవాడు. ఆటిజం ఉన్నవాళ్లు ఇతరుల్ని అర్థం చేసుకోలేరంటున్నారు సరే, ఇతరులు మాత్రం వీళ్లని ఏపాటి అర్థం చేసుకుంటున్నారు? లోపం ఇద్దరి మధ్యా ఉంది, మార్కులు మాత్రం ఒకరికే వేస్తారు. కాపురానికి వెళ్లిన ఏ ఆడపిల్లకైనా ఈ లెక్క విడమరచి చెప్పక్కర్లేదు.

సర్టిఫికెట్టు వద్దని నేననను. అది లేకపోతే పింఛను లేదు. ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను 2024 జులై నుంచి నెలకి 6000 రూపాయలు. అప్ప చేతిలో సొంతంగా అంత డబ్బు ఎన్నడూ లేదు. కానీ 40 శాతం వైకల్యం ఉన్నట్టు సదరం శిబిరంలో తేలాలి. శిబిరం అంటే వరస, తోపులాట, మైకులో పేర్లు. ఆటిజం ఉన్న మనిషి ఆటిజాన్ని రుజువు చేసుకోవాల్సిన చోటు అది.

ప్రభుత్వ కాగితాల్లో 'సేవలు' అనే మాట ఎక్కువ కనిపిస్తుంది. 2013లో మొదలైన బాలల ఆరోగ్య కార్యక్రమం, దాని కింద జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలు 18 ఏళ్లదాకా చూస్తాయి. భవిత కేంద్రాలు బడి వయసు పిల్లలకి. పందొమ్మిదో పుట్టినరోజుకి సేవలు ఆగిపోతాయి, సేవ మొదలవుతుంది. బహువచనంలో ఉన్నంతసేపు ప్రభుత్వం చేసేది, ఏకవచనంలోకి రాగానే ఇంట్లో ఆడవాళ్లు చేసేది. అప్ప విషయంలో ఆ ఏకవచనం మా పెద్దమ్మ. ఆవిడకి డెబ్భై దాటాయి. "నా తరవాత దీన్నెవులు సూత్తారే" అని అడుగుతుంది నన్ను. అందరి చూపూ వదిన వైపు వెళుతుంది. వదిన ఏమీ అనదు. రోజూ జీడిపప్పు బట్టీకి వెళ్లి పదిమందికి వండే ఆమెకి ఇంకో మనిషి జీవితకాలపు బాధ్యత మౌనంగా రాసిచ్చేస్తున్నాం. పుట్టుకతోనే ఆధారపడే కూతుర్ని పెంచిన తాత్వికురాలు ఈవా కిట్టే, సంరక్షణ అందుకునేవాళ్ల హక్కుతో పాటు ఆ సంరక్షణ చేసేవాళ్లని ఎవరు చూసుకుంటారన్నది కూడా న్యాయానికి సంబంధించిన ప్రశ్నే అంది. అప్పకి న్యాయం పేరుతో వదినకి అన్యాయం చేసే స్త్రీవాదం నాకు వద్దు.

సంరక్షకుల నియామకం గురించి పెద్దన్నయ్య ఎక్కడో విని వచ్చాడు. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెడితే 18 దాటినవాళ్లకి కూడా చట్టబద్ధమైన సంరక్షకుణ్ని నియమించవచ్చు. పెదనాన్న పోయాక అప్ప వాటాకొచ్చిన ముప్పై సెంట్లు ఉన్నాయి. అన్నయ్య మంచివాడే. అయినా అందరూ మంచివాళ్లే అయిన ఇళ్లలోనే ఆడవాళ్ల భూమి ఎలా పోతుందో మనకి తెలుసు. 2016 చట్టం చెప్పిన పరిమిత సంరక్షణలో, వైకల్యం ఉన్న మనిషి బదులు కాక, ఆమెతో కలిసి నిర్ణయం తీసుకోవాలి. ముందుగా పేరు, ఆ వెంటనే పింఛను, ఆ వెంటనే సంతకం పెట్టే హక్కు పోవడం. ఈ మూడూ ఒకే గొలుసులో రాకుండా చూడాలి. రోగనిర్ధారణకి ఎవరు తీసుకెళుతున్నారు, ఎందుకు తీసుకెళుతున్నారు అని డాక్టరు అడగాలి. అప్పని విడిగా కూర్చోబెట్టి, ఫ్యాను ఆపి, ఆమె మాట్లాడే భాషలో అడగాలి. "సామాజిక పరస్పరత" అంటే ఆమెకే కాదు, నాకూ అర్థం కాదు. "జనం మజ్జిన నీకెలాగుంటాది?" అంటే చెబుతుంది. విజయనగరంలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. అక్కడ నెలకొక రోజు పెద్దవాళ్ల కోసం, వరసలు లేని ఒక గది, మనస్తత్వ నిపుణురాలు, గంటన్నర సమయం. నేనడిగేది ఇంతే. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు.

కిందటి నెల అప్పతో మాట్లాడాను. పేరు చెప్పలేదు, ముందు మనుషుల గురించి చెప్పాను. మైకు మోత ఒంట్లో సూదుల్లా దిగేవాళ్లు, కొత్తబట్ట కట్టలేనివాళ్లు, వరస తప్పితే మళ్లీ మొదటికి వెళ్లేవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారని, ఆడవాళ్లు కూడా ఉన్నారని అన్నాను. గిన్నె తోమడం ఆపకుండా విన్నది.

"ఆలు నవమికి ఎక్కడ కూకుంతారు?" అంది.

కనుక్కుని చెప్పమంది.