ఎత్తు నుంచి చూసిన యుద్ధధర్మం

1943 అక్టోబరు 16న గల్ఫ్ ఆఫ్ ఒమన్‌లో యూ-533 అనే జర్మన్ జలాంతర్గామిని ఒక బ్రిటిష్ విమానం ముంచేసింది. విమానం షార్జాలో ఉన్న 244వ స్క్వాడ్రన్‌ది. నడిపినవాడు సార్జెంట్ లూయిస్ చాప్‌మన్. జలాంతర్గామిలోని 53 మందిలో 52 మంది చనిపోయారు. గుంటర్ ష్మిట్ అనే నావికుడొక్కడే లైఫ్ జాకెట్ కూడా లేకుండా 28 గంటలు నీళ్లలో గడిపి, ఖోర్ ఫక్కన్ దగ్గర ప్రాణాలతో దొరికాడు. యూ-533 అప్పటివరకు ఒక్క ఓడనూ ముంచలేదు. అంటే ఆ 52 మంది పోయింది చేసిన పనికి కాదు, చేయబోతారన్న పనికి. అయినా దీన్ని అధర్మం అన్నవాళ్లు దాదాపు లేరు. ఆయుధం పట్టి వేటకు బయలుదేరినవాణ్ణి వేటాడటం ఏ సంప్రదాయంలోనైనా యుద్ధం కిందికే వస్తుంది. చిక్కు వచ్చేది అదే పని నగరాల మీద జరిగినప్పుడు.

షార్జా విమానాశ్రయం యుద్ధం కోసం కట్టింది కాదు. లండన్ నుంచి ఇండియా వెళ్లే ఇంపీరియల్ ఎయిర్‌వేస్ ప్రయాణికులు రాత్రి ఆగడానికి 1932లో అప్పటి పాలకుడు షేక్ సుల్తాన్ బిన్ సఖర్ ఒప్పందం మీద వెలసింది. ప్రయాణికులు పడుకున్న ఆ కోట ఇప్పుడు అల్ మహత్తా మ్యూజియం. 244వ స్క్వాడ్రన్ 1940లో ఇరాక్‌లో పాతకాలపు విన్సెంట్ విమానాలతో మొదలై, బ్లెన్‌హీమ్‌లకు, వాటిలోనే బిస్లీ అనే రకానికి మారింది. 1944లో వెల్లింగ్టన్లు అందుకుని మసీరా దీవికి తరలింది, 1945లో రద్దయింది. నాలుగు ఇంజిన్ల బాంబర్లు రాకముందు జర్మనీ మీద రాత్రి దాడుల భారం ఎక్కువగా మోసింది ఈ వెల్లింగ్టన్లే. ఈ తీరానికి అవి అంతకుముందే పరిచయం. 1943 ఫిబ్రవరిలో ఫుజైరా ప్రాంతంలోని ధద్నా దగ్గర ఒక వెల్లింగ్టన్ కూలి విలియం డొన్నెల్లీ అనే వైమానికుడు చనిపోయాడు. అదే ఏడాది అదే తీరంలో రెండు శత్రుపక్షాలవాళ్లూ ఆపదలో పడ్డారన్నమాట, ఆ యుద్ధంతో ఏ సంబంధమూ లేని జాలరుల ఊళ్ల ముంగిట.

అసలైన భారీ బాంబర్ల యుద్ధం జరిగింది యూరప్ మీద. లాంకాస్టర్, హాలిఫాక్స్ విమానాల్లో ఏడుగురేసి వెళ్లేవారు. బ్రిటిష్ బాంబర్ కమాండ్‌లో ఎగిరిన సుమారు 1,25,000 మందిలో 55,573 మంది తిరిగి రాలేదు. ముప్పై దాడులు పూర్తిచేస్తే ఒక విడత ముగిసినట్టు. అంతదాకా బతికి ఉండటమే గొప్ప. 1941 ఆగస్టులో వచ్చిన బట్ నివేదిక ఒక చేదు నిజం బయటపెట్టింది: లక్ష్యాన్ని కొట్టామని చెప్పిన విమానాల్లో దానికి అయిదు మైళ్ల లోపుకు చేరినవి మూడింట ఒకటే. రాత్రిపూట ఫ్యాక్టరీ కనపడదు, ఊరు మాత్రం కనపడుతుంది. 1942 ఫిబ్రవరి ఆదేశంతో ఊరే లక్ష్యమైంది. 1943 జులైలో హాంబర్గ్‌లో దాదాపు 37 వేలమంది చనిపోయారు.

బాంబులు వేసే కొద్ది నిమిషాల్లో పైలట్ చేసే పనిని దగ్గరగా చూడాలి. బాంబు గురి చూసేవాడు విమానం ముక్కు భాగంలో బోర్లా పడుకుని ఎడమకు, కుడికి అని చెబుతాడు. పైలట్ ఆ మాట ప్రకారం సరిచేస్తూ పోతాడు. బాంబులు జారిపోయాక బరువు తగ్గి విమానం ఒక్కసారిగా పైకి లేస్తుంది. పారిపోవడానికి వీల్లేదు. బాంబులు ఎక్కడ పడ్డాయో ఫొటో తీసేదాకా, కింద నుంచి గుండ్లు పేలుతున్నా, అదే ఎత్తున అదే దారిలో నడపాలి. ఆ సెకన్లలో అతని మనసంతా గడియారం మీద, ప్రాణం మీద ఉంటుంది. కిందనున్న మనుషుల మీద కాదు.

భగవద్గీత పుట్టిన సందర్భం దీనికి సరిగ్గా తలకిందులు. అర్జునుడు రథాన్ని రెండు సేనల మధ్య నిలపమన్నాడు, చూశాడు, తాతలనూ గురువులనూ మేనమామలనూ గుర్తుపట్టాడు, కుంగిపోయాడు. చూపే లేకపోతే విషాదం లేదు, విషాదం లేకపోతే గీత లేదు. స్వధర్మం, ఫలాసక్తి లేని కర్మ, నువ్వు నిమిత్తమాత్రుడివి అన్న మాటలన్నీ చూసి చలించినవాడికి చెప్పినవి. ఇరవై వేల అడుగుల ఎత్తున ఉన్నవాడికి ప్రశ్న పుట్టకముందే జవాబు చేతికి అందుతుంది. యుద్ధాలను సమర్థించడానికి గీతను వాడుకునే వాళ్లలో చాలామంది ఈ తేడాను దాటవేస్తారు. మొదటి అధ్యాయం వదిలేసి రెండో అధ్యాయం నుంచి చదివితే వచ్చే ఇబ్బంది ఇదే.

గీతలోనే మరో మాట ఈ సందర్భానికి ఎక్కువ అక్కరకొస్తుంది. పద్దెనిమిదో అధ్యాయం ప్రతి కర్మకు అయిదు కారణాలు చెబుతుంది: ఆశ్రయం, కర్త, సాధనాలు, వేరువేరు చేష్టలు, దైవం. తానొక్కడే కర్తనని అనుకునేవాడు సరిగ్గా చూడనివాడని అక్కడి భావం. బాంబరులో ఈ విభజన కళ్లకు కట్టినట్టుంటుంది. దారి చూపేవాడొకడు, గురి చూసేవాడొకడు, నడిపేవాడొకడు, ఊరిని ఎంచినవాడు ఎక్కడో లండన్ దగ్గర ఆఫీసులో. అంతమందికి పంచాక ఎవరి వాటా ఎంత? అహంకారం పోవాలని చెప్పిన శాస్త్రాన్ని బాధ్యత పోగొట్టుకోవడానికి వాడుకోవడం తేలిక. గీత చెప్పింది కర్తృత్వ గర్వాన్ని వదలమని. లెక్క చెప్పకుండా తప్పించుకోమని కాదు.

మహాభారతంలో రాత్రి దాడికి దగ్గరి పోలిక గీతలో లేదు, సౌప్తిక పర్వంలో ఉంది. తిక్కన తెలుగులో చదివినవారికి ఆ రాత్రి గుర్తుండే ఉంటుంది. నిద్రపోతున్న శిబిరంలోకి అశ్వత్థామ చొరబడి ధృష్టద్యుమ్నుణ్ణీ ఉపపాండవులనూ చంపుతాడు. నిద్రలో ఉన్నవాణ్ణి చంపడం ధర్మం కాదని కృపుడు ముందే వారిస్తాడు. ధర్మపు కట్టను పాండవులే ముందు తెంచారు కదా అన్నది అశ్వత్థామ వాదం. ముందు వాళ్లే మొదలుపెట్టారన్న ఈ తర్కాన్నే 1942లో బాంబర్ కమాండ్ అధిపతి ఆర్థర్ హారిస్ వినిపించాడు. లండన్, కవెంట్రీ కాలిన మాట నిజమే. అశ్వత్థామ తండ్రిని పాండవ పక్షం మోసంతో చంపిన మాటా నిజమే. వ్యాసుడు ఆ కోపాన్ని దాచలేదు, దాని పేరున నేరాన్ని మాఫీ చేయనూ లేదు. అంతటితో ఆగక అశ్వత్థామ ఉత్తర గర్భం మీదికి అస్త్రం తిప్పాడు. మూడువేల ఏళ్లు దిక్కులేకుండా తిరగమన్న శాపం అప్పుడు పడింది.

ఇస్లామిక్ న్యాయశాస్త్రం ఈ చిక్కును చాలా ముందే నేరుగా ఎదుర్కొంది. స్త్రీలను, పిల్లలను, ముసలివాళ్లను చంపవద్దని, పండ్లచెట్లు నరకవద్దని, మఠాల్లో ఉండే సన్యాసుల జోలికి పోవద్దని తొలి ఖలీఫా అబూబకర్ సేనకు చెప్పినట్టు సంప్రదాయం. కానీ కోట మీదికి మంజనీఖ్ అనే యంత్రంతో రాళ్లు విసిరితే అవి ఎవరి మీద పడతాయో ఎవరికి తెలుసు? ఎనిమిదో శతాబ్దపు న్యాయవేత్త అల్ షైబానీ దీన్ని చర్చించాడు. లోపల పిల్లలున్నా, ముస్లిం బందీలున్నా యంత్రం వాడవచ్చు, గురి మాత్రం యోధుల మీదే ఉండాలన్నాడు. క్రైస్తవంలో థామస్ అక్వినాస్ పేరుతో నడిచిన ద్విఫల సూత్రం కూడా ఇక్కడికే వస్తుంది: ఉద్దేశించిన ఫలం వేరు, తెలిసీ భరించిన ఫలం వేరు. ఈ రెండు వాదాలూ నిలబడేది యోధుల మీద గురి ఉన్నంతవరకే. ఊరినే గురి చేసుకున్నాక ఉద్దేశం శుద్ధమని చెప్పడానికి చోటు లేదు. అమెరికన్ జెసూట్ జాన్ ఫోర్డ్ 1944లో రాసిన వ్యాసంలో ఇదే చెప్పాడు. అదే ఏడాది ఫిబ్రవరి 9న బిషప్ జార్జ్ బెల్ హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో లేచి ఇదే విషయమై సొంత ప్రభుత్వాన్నే నిలదీశాడు.

సరిగ్గా దానికి ముందు రోజు రాత్రి లెనర్డ్ చెషైర్ ఫ్రాన్స్‌లోని లిమోజ్ మీద ఎగిరాడు. 102, 35, 76 స్క్వాడ్రన్లలో పనిచేసి, అప్పటికి 617వ స్క్వాడ్రన్‌కు నాయకుడు. లక్ష్యం విమాన ఇంజిన్ల ఫ్యాక్టరీ. రాత్రి షిఫ్టులో ఎక్కువగా ఫ్రెంచి ఆడవాళ్లు. చెషైర్ లాంకాస్టర్‌ను ఫ్యాక్టరీ కప్పుల మీదుగా మూడుసార్లు దింపాడు, వాళ్లు భయపడి బయటికి పరుగెత్తేలా. ఆ తర్వాతే నిప్పుబాంబులు వేసి మిగతా విమానాలకు గుర్తు చూపాడు. ఫ్యాక్టరీ నాశనమైంది, జననష్టం చాలా స్వల్పం. రథాన్ని సేనల మధ్య నిలపడం ఆకాశంలో సాధ్యమైతే అది ఇలాగే ఉంటుంది. ఎత్తు తగ్గించడమంటే తన ప్రాణాన్ని పందెం పెట్టడం. ఎదుటివాణ్ణి మనిషిగా లెక్కించడానికి పైలట్ చెల్లించే ధర అదే.

చెషైర్ కథను పశ్చాత్తాపం కథగా చెప్పడం అలవాటైపోయింది. 1945 ఆగస్టు 9న నాగసాకి విస్ఫోటనాన్ని బ్రిటన్ తరఫు పరిశీలకుడిగా దూరపు విమానం నుంచి చూశాడు కాబట్టి మనసు మారిందంటారు. ఆయన అలా అనలేదు. ఆ బాంబు యుద్ధాన్ని ముగించిందనే చివరిదాకా వాదించాడు. మార్పు మరోచోట వచ్చింది. 1948లో చూసేవాళ్లు లేని ఆర్థర్ డైక్స్ అనే క్యాన్సర్ రోగిని ఇంటికి తెచ్చి, స్వయంగా సేవచేసి, ఆ ఏడాది డిసెంబరు 24న కాథలిక్ మతం తీసుకున్నాడు. ఆ ఇంటి నుంచి మొదలైన చెషైర్ హోమ్‌లు ఇండియాకూ వచ్చాయి. 1959లో స్యూ రైడర్‌తో పెళ్లి కూడా బొంబాయిలోనే. పాపానికి పరిహారంగా సేవ చేశాడనుకుంటే లెక్క సులువుగా సరిపోతుంది, కానీ ఆయన ఆ లెక్కకు ఒప్పుకోడు. యుద్ధం న్యాయమని నమ్ముతూనే దాని తర్వాత ఇంకేదో బాకీ ఉందనుకున్న మనిషి.

చట్టం మాత్రం బెల్ వైపు నడిచింది. 1977 నాటి జెనీవా అదనపు ఒప్పందం 51వ అధికరణ, ఒక ఊళ్లో విడివిడిగా ఉన్న సైనిక లక్ష్యాలన్నిటినీ కలిపి ఒకే లక్ష్యంగా చూసి బాంబులు వేయడాన్ని నిషేధించింది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 1983లో అందులో చేరింది. హాంబర్గ్ మీద బాంబులు వేసిన బ్రిటన్ 1998లో ఆమోదించింది. ఇండియా ఇంకా చేరలేదు.