లప్పం కింద

పాత సామాను కొని ఇంట్లోనే బాగుచేసుకునే అలవాటు నాకు సరదాగా మొదలవలేదు. డబ్బుల్లేక మొదలైంది. 2020లో ఆఫీసు మూతబడి, ఇంటి నుంచి పని చెయ్యమన్నప్పుడు మా అద్దె ఇంట్లో ఒక మంచం, రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఉండేవి. జీతం వచ్చేది గానీ అందులో సగం చదువు అప్పుకీ, చెల్లెలి పెళ్ళి అప్పుకీ పోయేది. కొత్త టేకు బల్ల ధర అడిగి, అడిగినందుకే సిగ్గుపడి వెనక్కి వచ్చాను.

చివరికి పాత సామాన్ల దుకాణంలో ఒక బల్ల దొరికింది. 3,200 రూపాయలు, ట్రాలీ ఆటోకి ఇంకో 400. నిండా చాక్లెట్ రంగు ఎనామిల్ పెయింట్. పెయింట్ కింద టేకు ఉందని దుకాణాయన చెప్పాడు. అడుగున గోటితో గీకి చూస్తే నిజమే అనిపించింది. బాల్కనీలో పాత దుప్పటి పరిచి పని మొదలుపెట్టాను. ముందు 80 నంబరు గరుకు కాగితం, తర్వాత 120, చివర 220. రోజుకో గంట. మాస్కులకి ఆ రోజుల్లో లోటు లేదు కాబట్టి దుమ్ము గురించి బెంగ లేదు.

మూడో రోజున వెనక కాలు రుద్దుతుంటే అరచేయంత పెచ్చు ఊడి వచ్చింది. కర్ర కాదు, లప్పం. దాని వెనక ఉండ చుట్టి కుక్కిన పేపరు ముక్క. అది లాగితే ముక్కుపొడిలాంటి పొట్టు జలజలా రాలింది. కాలు లోపల సగం డొల్ల.

టేకు పుచ్చదని అందరూ అంటారు. పుచ్చనిది దాని చేవ. బెరడుకి దగ్గరగా ఉండే తెల్ల చెక్కకి ఆ శక్తి లేదు, పురుగుకి అది పరమాన్నం. చవగ్గా చేసే వస్తువుల్లో కనపడని చోట ఈ తెల్ల చెక్కని కలిపేస్తారు. రంగు వేశాక ఏది చేవో ఏది కాదో ఎవరికీ తెలీదు.

దుకాణానికి వెళ్ళి అడిగాను. ఆయనకి కోపం రాలేదు, సంతాపం కూడా లేదు. "చూస్కునే తీస్కున్నారు కద సార్. మీరు అడగలే, నేను చెప్పలే" అన్నాడు. ఇంటికొచ్చి ఆ వాక్యాన్ని కనీసం వారం రోజులు తిట్టుకున్నాను.

అయినా బల్ల పారెయ్యలేదు. డొల్ల భాగం కోయించి, పక్క వీధి వడ్రంగి దగ్గర చేవ ముక్క ఒకటి తెచ్చి అతికించాను. లక్కని స్పిరిట్‌లో కరిగించి పాలిష్ పెట్టాను. దూదిని పాత నూలు బట్టలో చుట్టి, అందులో ముంచి, పల్చగా పది పూతలు. పూత పూతకీ మధ్య ఎండనివ్వాలి. ఎనిమిదో పూతకి టేకు గీతలు లోపల్నుంచి వెలుగుతున్నట్టు కనపడ్డాయి. రోజంతా కోడ్ రాస్తే రాని తృప్తి అది. అలా చెయ్యి తిరిగింది. ఆ తర్వాత రెండు స్టూళ్ళు, ఒక అద్దం చట్రం, ఒక పుస్తకాల బీరువా.

చెప్పాలనుకున్నది ఆ బీరువా గురించి.

1,800కి కొన్నాను. పైన నాలుగు అరలూ గట్టివే. అడుగు చెక్క మాత్రం వెనక వైపు తెల్ల చెక్క, నిండా గుండుసూది బెజ్జాలు. సిరంజితో ఒక్కో బెజ్జంలోకీ పురుగుమందు ఎక్కించాను. నెల రోజులు గుడ్డ కప్పి ఉంచాను. కొత్తగా పొట్టు రాలలేదు. రంపపు పొట్టులో ఫెవికాల్ కలిపి బెజ్జాలన్నీ పూడ్చి, రుద్ది, పాలిష్ పెట్టాను. నేనే వెతికితే నాకే దొరకనంత బాగా కుదిరింది. రెండేళ్ళు వాడుకుని, ఇల్లు మారేటప్పుడు కొత్తింట్లో చోటు లేక అమ్మకానికి పెట్టాను.

కొనడానికొచ్చిన కుర్రాడికి ఇరవై నాలుగేళ్ళుంటాయేమో. నల్గొండ వైపు నుంచి వచ్చి గదిలో ఉంటూ గ్రూప్స్‌కి చదువుతున్నాడు. పుస్తకాలు నేల మీద పెడితే వానాకాలం చెమ్మెక్కుతున్నాయట. 6,000 చెప్పాను, 5,500కి తెగింది. డబ్బులిచ్చే ముందు వంగి అడుగు చెక్క మీద, సరిగ్గా ఆ చోటే, అరచేత్తో రాశాడు. "మంచిగ చేసిన్రన్నా. గట్టిగనే ఉంది" అన్నాడు. నేను నవ్వాను.

ఆ రాత్రి అన్నాలు తింటుంటే మా ఆవిడ అడిగింది, "కింద చెక్క సంగతి చెప్పావా?"

"అతను అడగలేదుగా" అన్నాను.

నోట్లోంచి వచ్చాక గానీ అది ఎవరి వాక్యమో తెలియలేదు.

నన్ను నేను సమర్థించుకోవడానికి చాలా వాదనలే దొరికాయి. ఒకటి, నేను పేపరు కుక్కలేదు, వైద్యం చేశాను. రెండు, పాత సామాను బాగుచెయ్యడమంటేనే దాచడం కదా! గీతలు పోగొడతాం, మరకలు పోగొడతాం, వెలిసిపోయిన రంగుకి వన్నె తెస్తాం. పోగొట్టిన ప్రతి మరకకీ పట్టిక రాసి ఇస్తామా? మూడు, పాత వస్తువు కొనేవాడికి అది పాతదని తెలుసు. చూసుకోవడం అతని పని.

ఈ మూడో వాదన చాలా పాతది. సిసెరో క్రీస్తుపూర్వం 44లో, ఏథెన్స్‌లో చదువుకుంటున్న కొడుకు కోసం కర్తవ్యాల మీద ఒక పుస్తకం రాశాడు. అందులో మూడో భాగంలో ఇల్లు అమ్ముకునే ఒక మంచివాడి కథ వస్తుంది. ఆ ఇంటి గదుల్లో పాములు తిరుగుతాయి, వాడిన కలప మంచిది కాదు, కూలిపోయేలా ఉంది. ఆ సంగతి యజమానికి తప్ప ఎవరికీ తెలీదు. చెప్పాలా, వద్దా? ఇద్దరు స్టోయిక్కుల చేత సిసెరో వాదింపజేస్తాడు. డయోజనీస్ అంటాడు: కొనమని బలవంతపెట్టలేదు కదా, తనకి నచ్చనిది అమ్మాడు, ఇతనికి నచ్చింది కొన్నాడు, చెప్పకపోవడం వేరు, దాచడం వేరు. అతని శిష్యుడు ఆంటిపాటర్ ఒప్పుకోడు. దారి తప్పినవాడికి దారి చూపకపోవడమే తప్పయితే, తెలిసి తెలిసి తప్పు దారిలోకి పోనివ్వడం ఇంకా పెద్ద తప్పు కదా అంటాడు. సిసెరో తీర్పు ఆంటిపాటర్ వైపే. మా దుకాణాయన డయోజనీస్‌ని చదివి ఉండడు గానీ, మాటల్లో తేడా లేదు.

మన చట్టం కొంత దూరం డయోజనీస్‌తో నడుస్తుంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 17వ సెక్షన్ మోసమంటే ఏమిటో చెబుతుంది. ఉట్టి మౌనం సాధారణంగా మోసం కాదు. తెలిసిన విషయాన్ని పనిగట్టుకుని కప్పెయ్యడం మోసం. ఇది చదివి నేను ఆగిపోయాను. నాది మౌనం మాత్రమేనా? ఆ బెజ్జాలు పూడ్చిన రోజున అమ్మే ఆలోచన లేదు, కాబట్టి అప్పుడది వట్టి మరమ్మతు. అమ్మకానికి పెట్టిన రోజున, చెయ్యి కదపకుండానే, అదే పూత కప్పేసే పనిగా మారిపోయింది. పదార్థం అదే, చేసిన చెయ్యి అదే. మధ్యలో మారింది ఒక్కటే: నాకు తెలిసింది, ఎదుటివాడికి తెలీదు.

ఆ సెక్షన్ కింద ఒక గుర్రం ఉదాహరణ ఉంది. లోపమున్న గుర్రాన్ని ఒకడు వేలంలో అమ్ముతాడు, లోపం గురించి ఏమీ అనడు. అది మోసం కాదు. కొనేది అతని సొంత కూతురు, అప్పుడే మైనారిటీ తీరిన పిల్ల అయితే? అప్పుడు చెప్పడం అతని బాధ్యత, ఆ బంధుత్వం వల్ల. ఇంకో ఉదాహరణ: కొనేవాడు "నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటాను" అంటాడు, అమ్మేవాడు మాట్లాడడు. అక్కడ మౌనం మాటతో సమానం. "గట్టిగనే ఉంది" అని కుర్రాడంటే నేను నవ్విన నవ్వు ఏ లెక్కలోకి వస్తుందో తేల్చడానికి వకీలు అక్కర్లేదు.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఆ కూతురే. కూతురికైతే చెప్పాలి, పరాయివాడికి అక్కర్లేదు. అంటే చెప్పడం మంచిదని చట్టానికీ తెలుసు, ఎవరెవరికి ఆ మంచి దక్కాలన్నదే ప్రశ్న. ఆ కుర్రాడు నన్ను మూడుసార్లు "అన్నా" అన్నాడు. ఈ ఊళ్ళో ఆటో అతన్నీ అన్నా అంటాం, కూరగాయలాయన్నీ అన్నా అంటాం, దానికి అర్థమేమీ లేదనుకుంటాం. కానీ వంగి చెక్క తడిమి, నమ్మి, డబ్బులు లెక్కపెట్టే ముందు అన్న ఆ పిలుపుకి ఎంతో కొంత అర్థం ఉండకుండా ఎలా ఉంటుంది?

ఇక రెండో వాదన. పాలిష్ కూడా దాచడమే కదా అన్నది. దీనికి జవాబు నాకు ఇటలీ నుంచి దొరికింది. రోములో 1939లో ఏర్పడిన కేంద్ర పునరుద్ధరణ సంస్థకి మొదటి డైరెక్టరు చెజారె బ్రాండి. పాత చిత్రాల్లో పెచ్చులూడిన చోట్లని నింపడానికి అక్కడ ఒక పద్ధతి తయారు చేశారు. ఖాళీని మామూలుగా రంగుతో పూడ్చరు, సన్నటి నిలువు గీతలతో నింపుతారు. దూరం నుంచి చూస్తే బొమ్మ నిండుగా ఉంటుంది. దగ్గరికెళ్తే ఆ గీతలు కనపడతాయి, ఇక్కడ పాతది పోయింది, ఇది మేం వేసింది అని అవే ఒప్పుకుంటాయి. వస్తువుని నిలబెట్టాలి, కానీ దాని గురించి అబద్ధం చెప్పకూడదు. లక్క పాలిష్ దగ్గరా ఇలాంటి మర్యాదే ఉంది. ఎప్పుడైనా సరే, స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిస్తే కరిగిపోతుంది, కింద ఏముందో చూపించేస్తుంది. ఒక గీతని మాపడం వల్ల కొనేవాడి లెక్క తప్పదు. పుచ్చిన చెక్కని కప్పితే తప్పుతుంది. ఎంత బరువు పెట్టొచ్చు, పురుగు తిరిగొస్తే ఏం చెయ్యాలి అన్నవన్నీ అతను తప్పు లెక్కే వేస్తాడు. అందుకే ప్రతి మరకకీ పట్టిక అక్కర్లేదు. అతని లెక్క మార్చే వాటికి చాలు.

మా వృత్తిలో ఇది కొత్త సంగతేం కాదు. సాఫ్ట్‌వేర్ విడుదల చేసేటప్పుడు తెలిసిన లోపాల జాబితా ఒకటి కలిపి ఇస్తాం. లోపం ఉందని ఎవరూ ఉరి తియ్యరు. ఉందని తెలిసీ రాయకపోతే మాత్రం, అర్ధరాత్రి దాన్ని వెతుక్కునే ఇంకెవడో ఇంజనీరు మనల్ని పేరు పెట్టి తిడతాడు. ఆఫీసులో ఆరేళ్ళుగా పాటిస్తున్న నియమం ఇంట్లో బీరువా దగ్గర గుర్తు రాలేదు.

ఇంకొక సంగతి ఆలస్యంగా తట్టింది. పాత వస్తువు ఎప్పుడూ కిందికే ప్రయాణిస్తుంది. ఉన్నవాడి ఇంటి నుంచి మధ్యతరగతికి, అక్కణ్ణుంచి బ్యాచిలర్ గదికి, అక్కణ్ణుంచి ఇంకా చిన్న గదికి. దాంతోపాటే దానిలోని లోపమూ దిగుతుంది. దిగే ప్రతి మెట్టు దగ్గరా ఎవరో ఒకరు కొత్తగా ఒక పూత వేస్తారు. చివరి మెట్టు మీదున్నవాడి దగ్గర పెచ్చు ఊడుతుంది. అతనికి దాన్ని అంటగట్టడానికి కింద ఎవరూ ఉండరు, ఇంకొకటి కొనుక్కోవడానికి డబ్బులూ ఉండవు. కొత్త టేకు కొనగలిగినవాడికి చిన్న లోపం చిరాకు. చవకలో వెతుక్కునేవాడికి అదే నష్టం. 2020లో ఆ మెట్టు మీద నేనున్నాను. ఒక మెట్టు ఎక్కగానే కింద మెట్టు ఎలా ఉంటుందో మర్చిపోయాను.

తొమ్మిది రోజుల తర్వాత అతనికి ఫోన్ చేశాను. ఎందుకు తొమ్మిది అంటే, మొదటి ఎనిమిది రోజులూ ధైర్యం చాల్లేదు. సంగతంతా చెప్పాను. మందు ఏది వాడానో, ఎప్పుడు వాడానో, పొట్టు కనపడితే ఏం చెయ్యాలో చెప్పి, 1,500 వెనక్కి ఇస్తానన్నాను, లేదా బీరువానే తీసుకుని మొత్తం ఇచ్చేస్తానన్నాను. "పర్లేదన్నా" అంటాడనీ, నా మంచితనానికి కాస్త కరుగుతాడనీ మనసులో ఒక మూల ఆశ ఉన్నట్టుంది. అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇంకేమన్న ఉన్నయా సార్?" అన్నాడు.

ఇంకేమీ లేవు. నిజంగానే లేవు. కానీ ఆ "లేవు"ని అతను ఎందుకు నమ్మాలి? డబ్బులు పంపాను, అందాయని ఒక మాట పంపాడు. బీరువా ఉంచుకున్నాడు. అన్నా నుంచి సార్‌కి నేను చేసిన ప్రయాణం ఖరీదు మాత్రం 1,500లో లేదు.

మొదటి రోజే చెప్పుంటే ఏమయ్యేది? బేరం 4,000కి దిగేది, లేదా అతను కొనకుండా వెళ్ళిపోయేవాడు. నష్టం దాదాపు అంతే. ఆలస్యంగా చెప్పిన నిజం బాకీ తీరుస్తుంది గానీ నమ్మకాన్ని తిరిగి అతికించదని ఇప్పుడు తెలుసు. అలాగని ఆ ఫోన్ చెయ్యకుండా ఉండాల్సిందా? లేదు. పురుగు మళ్ళీ కదిలితే ఆ పుస్తకాల దాకా వెళ్ళకముందే చూసుకోవడం అతనికి తెలియాలి కదా. నా మనశ్శాంతి కన్నా అది ముఖ్యం.

ఇప్పుడు ఏది బాగుచేసినా అడుగున, పాలిష్ పెట్టని చోట, పెన్సిల్‌తో రాస్తున్నాను. నెల, సంవత్సరం, ఎక్కడ ఏ ముక్క మార్చాను, ఎక్కడ పూడ్చాను, ఏ మందు. మొదటి బల్లని తిరగేసి దానికీ రాశాను: "వెనక ఎడమ కాలు, లోపల డొల్ల, కింది సగం కొత్త చెక్క, 2020." రాస్తుంటే ఆ పేపరు ఉండ గుర్తొచ్చింది. దాన్ని కుక్కినవాణ్ణి ఇన్నాళ్ళూ దొంగ అనుకున్నాను. బహుశా అతనూ అప్పటికి తను వాడుకోవడానికే కుక్కాడేమో. ఇల్లు మారాల్సి వచ్చిన రోజున, కొనేవాడు అడగలేదేమో.

ఈ బల్ల మీదే ఇది రాస్తున్నాను. ఎప్పుడో ఒకనాడు దీన్నీ అమ్ముతాను. కొనేవాళ్ళు వచ్చినప్పుడు డబ్బుల మాట రాకముందే బోర్లా తిప్పి చూపించాలి.